తెర పోతే రాత పోయినట్టేనా?

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు నేను చేసిన ఒక తొందరపాటు పని గురించి, దానివల్ల నాలో స్థిరపడిన ఒక అభిప్రాయం గురించి ఈ టపా. కంప్యూటరు గొడవ మనకెందుకని సాహిత్యప్రియులు పక్కకు తప్పుకోవద్దని మనవి. ఇది చివరకు మన రాతలకు సంబంధించిన సంగతే.

మా నాన్నగారు ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేశారు. మూడేళ్ళుగా మా ఊరి పాత ముచ్చట్లను కంప్యూటరులో రాసుకుంటున్నారు. చెరువు కింద సాగిన తగాదాలు, ఆగిపోయిన తిరునాళ్ళు, ఇప్పుడెవరూ పలకని ఇంటిపేర్లు, అన్నీ కలిపి నూట నలభై పుటలు దాటాయి. ఆ యంత్రంలో లినక్స్ పెట్టింది నేనే. భోగి నాటి రాత్రి అందరూ నిద్రపోయాక, కొత్త కూర్పు వచ్చింది కదా అని అప్‌గ్రేడు మొదలుపెట్టాను. ముందుగా నకలు తీసుకోలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

తెల్లవారి పండుగ పూట నాన్నగారు యంత్రాన్ని వెలిగిస్తే నల్లని తెర, ఎడమ మూలన మిణుకుమిణుకుమనే ఒక గీత. అంతకు మించి ఏమీ లేదు. నన్ను లేపి, "నా కాగితాలు పోయినట్టేనా?" అని అడిగారు. కేకలు వేసినా బాగుండేది. ఊళ్ళోని మరమ్మతు కుర్రవాడికి ఫోను చేస్తే, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, అరగంట పని" అన్నాడు. నాన్నగారు నిట్టూర్చి, సరేననబోయారు. నేను పక్కన లేకుంటే సరేననేవారే.

చేసిన పని క్రమంగా చెబుతాను. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే బొమ్మలు లేని అక్షరాల తెర వచ్చింది. అంటే యంత్రం బతికే ఉంది, బొమ్మలు చూపే పొర మాత్రమే లేవలేదు. డిస్కు నిండిపోయినా డెస్కుటాపు లేవకపోవచ్చు కనుక ముందు అది చూశాను. చోటు చాలినంత ఉంది. తరువాత నాన్నగారి దస్త్రాల జాబితా అడిగాను. తెలుగు పేర్లున్నచోటల్లా ఒకే రకం గుర్తులు బారులు తీరి కనిపించాయి. వెనుక నిలబడి చూస్తున్న నాన్నగారు "చెడిపోయాయి కదా" అన్నారు.

చెడిపోలేదు. లినక్స్ అక్షరాల తెర ఒకసారికి 256 ఆకారాలను, మహా అయితే 512 ఆకారాలను మాత్రమే ఉంచుకోగలదు. మన లిపికి అసలు చిక్కు సంఖ్య కాదు, కూర్పు. 'స్త్రీ' అన్నది కంటికి ఒక్క అక్షరం. యూనికోడులో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, వెరసి ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్ల చొప్పున పద్దెనిమిది బైట్లు. వీటిని ఒత్తులుగా, గుణింతాలుగా కూర్చి చూపే పని పై అంతస్తులోని గ్రాఫికల్ పొరది. అది పడిపోతే కూర్చేవాడు లేడు, అంతే. బైట్లు డిస్కులో క్షేమంగా ఉన్నాయి. వెనుకటి రోజుల్లో ఒక్కో పత్రిక ఒక్కో ఫాంటు పెట్టుకున్నప్పుడు ఆ ఫాంటు లేకపోతే రాత అర్థం లేని గుర్తులుగా మారేది, ఫాంటుతోపాటు సంకేతాల అర్థమూ పోయేది. యూనికోడు మనకు చేసిన మేలు ఇదే. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు.

కాబట్టి మరమ్మతు పక్కనపెట్టి, మొదట పెన్‌డ్రైవు తగిలించి సంచయాన్ని మొత్తంగా నకలు చేశాను. తెలుగు పేరు అక్కడ టైపు చేయలేం కానీ, దస్త్రాలున్న సంచయం పేరు ఇంగ్లీషులోనే ఉంది కనుక ఇబ్బంది రాలేదు. ఆపైన 'డిఫ్' ఆదేశంతో రెండింటినీ పోల్చాను. తేడా లేకపోతే ఆ ఆదేశం ఏమీ పలకదు. ఆ మౌనం చూశాకే నాకు ఊపిరి ఆడింది.

ఇక వ్యాధి సంగతి. ఆ యంత్రం ఇప్పటికీ ఎక్స్ విండో వ్యవస్థ మీదే నడుస్తోంది. 1984లో ఎంఐటీలో పుట్టి, 1987లో పదకొండవ రూపం దాల్చిన పెద్దమనిషి అది. దాని చిట్టాలో కుండలీకరణాల మధ్య రెండు 'ఈ' అక్షరాలున్న పంక్తులు దోషాలను చెబుతాయి. చివరి పంక్తి "నో స్క్రీన్స్ ఫౌండ్" అంది. తెర ముందు కూర్చోబెట్టి తెరే లేదనడం! అప్‌గ్రేడుతో కొత్త కెర్నెల్ వచ్చింది. దానికి తగిన హెడర్లు రాకపోవడంతో గ్రాఫిక్స్ డ్రైవరు తిరిగి తయారు కాలేదు. బూటు మెనూలో పాత కెర్నెల్ ఎంచుకోగానే డెస్కుటాపు లేచింది. హెడర్లు దించి, డ్రైవరు మళ్ళీ కట్టించాక కొత్త కెర్నెల్ కూడా దారికొచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళకు నాన్నగారు తమ చెరువు తగాదా అధ్యాయానికి తిరిగి వెళ్ళారు.

ఇప్పుడు నా అభిప్రాయం. డెస్కుటాపు మెనూలకు తెలుగు తేవడానికి ఎందరో స్వచ్ఛందంగా శ్రమించారు, వారికి మనం రుణపడి ఉన్నాం. అయితే కంప్యూటరులో మన భాష ఇంకా మేడమీద అద్దెకున్న కాపురమే. మెట్లు కూలిన రోజున కింద ఒక్క తెలుగు మాట వినిపించదు. సరిగ్గా భయం కలిగే ఘడియలోనే వాడుకరికి తన భాష చేయివిడుస్తుంది. ఆ ఘడియలోనే "ఫార్మాట్" అన్న మాట చెవిన పడుతుంది. మన రాతలు వైరసుల వల్ల పోయినదానికంటే ఆ 'సరే' వల్ల పోయినవే ఎక్కువని నా అనుమానం.

ఆ మాత్రం ఇంగ్లీషు నేర్చుకోలేరా అని కొందరు అనవచ్చు. మా నాన్నగారికి ఇంగ్లీషు వచ్చు. ఆయనకు లేనిది భాష కాదు, "నీ రాత కింద భద్రంగా ఉంది, తొందరపడకు" అని చెప్పే మనిషి. ఆ మాట తెలుగులో ఎవరం రాసిపెట్టాం? ఫాంట్ల గురించి, కీబోర్డుల గురించి పుటలకొద్దీ రాసుకున్నాం. తెర ఆరిపోయిన రోజు గురించి రాయలేదు. రాసినా తెరమీదే రాస్తే ఆనాడు చదివేదెలా? అందుకే కాగితం మీద రాయాలంటాను.

నేను ఒక కాగితం రాసి ఆయన బల్ల పక్కన గోడకు అంటించాను. అందులో ఉన్నది ఇంతే:

1. కంగారు పడవద్దు. తెర పోతే రాత పోదు.
2. ఎవరు చెప్పినా, నకలు తీసేదాకా ఫార్మాట్ చేయనివ్వవద్దు.
3. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి చూడాలి. అక్షరాలు వస్తే యంత్రం బతికే ఉన్నట్టు.
4. తిరిగి వెలిగించేటప్పుడు మెనూలో పాత కెర్నెల్ ఎంచుకోవాలి.
5. అప్‌గ్రేడు చేసే ముందు పెన్‌డ్రైవులోకి నకలు. ఇది కొడుక్కి కూడా వర్తిస్తుంది.

మిత్రులారా, మీ ఇళ్ళలోనూ ఇలా రాసుకునే పెద్దలు ఉండే ఉంటారు. వారి యంత్రానికి తగ్గట్టు ఒక కాగితం రాసి అంటించండి. పై పంక్తులను మార్చుకుని వాడుకోవచ్చు, అనుమతి అక్కరలేదు. నేను తిరుగు ప్రయాణమయ్యేనాటికి నాన్నగారు నా కాగితంలో రెండు అచ్చుతప్పులను ఎర్రసిరాతో దిద్దారు. అయిదో అంశం కింద మాత్రం గీత గీశారు.