సైగభాష: బిడ్డ హక్కు, తల్లి ఒక్కదాని బరువు కాదు

ఇంకా మాటలు రాని పసిపిల్లలకు చేతి సైగలు నేర్పే పద్ధతి ఒకటి పడమటి దేశాల మధ్యతరగతి ఇళ్ళ నుంచి మన నగరాలకూ వచ్చింది. పాలు కావాలంటే గుప్పిట మూసి తెరవడం, ఇంకా కావాలంటే రెండు చేతుల వేళ్ళ కొసలు కలపడం వంటివి ఏడాది నిండని పిల్లలు కూడా పట్టుకుంటారు. 1996లో అమెరికాలో లిండా ఎక్రెడొలో, సూసన్ గుడ్విన్ రాసిన 'బేబీ సైన్స్' పుస్తకం వచ్చాక ఇది వ్యాపారంగానూ పెరిగింది. పిల్లలు తొందరగా మాట్లాడతారనీ, తెలివి పెరుగుతుందనీ ప్రచారం సాగింది. ఇంగ్లండులో ఎలిజబెత్ కర్క్ బృందం నలభైమంది పసిపిల్లల్ని ఎనిమిదో నెల నుంచి ఇరవయ్యో నెల దాకా గమనించి, సైగలు నేర్చినందువల్ల భాషలో అదనపు లాభమేమీ కనబడలేదని 2013లో ప్రకటించింది. అయితే సైగలు నేర్పిన తల్లులు బిడ్డ చూపునూ కదలికనూ మరింత శ్రద్ధగా అందుకోవడం కనిపించిందని కూడా చెప్పింది.

వినగలిగే బిడ్డ చేతులు కదిపితే మురిసిపోయే సమాజం, వినలేని బిడ్డ చేతులు కదిపితే ఎందుకు కంగారుపడుతుంది? నేనిక్కడ చర్చించదలచుకున్నది ఈ వైరుధ్యాన్నే. మొదటి బిడ్డకు సైగ ఒక ముచ్చట. రెండో బిడ్డకు అది భాష. మనం వద్దంటున్నది ఆ రెండో బిడ్డనే.

ఈ నిషేధానికి చరిత్ర ఉంది. 1880లో మిలాన్ నగరంలో బధిరుల విద్యపై జరిగిన అంతర్జాతీయ మహాసభ, బడుల్లో సైగల్ని పక్కనబెట్టి నోటిమాటే నేర్పాలని తీర్మానించింది. ఓటు వేసినవాళ్ళు దాదాపు అందరూ వినగలిగినవాళ్ళే. ఎవరి జీవితం గురించిన నిర్ణయమో వాళ్ళు లేకుండానే జరిగిపోయే సభలు స్త్రీలకు కొత్త కాదు. ఆ తీర్మానం తప్పని అదే మహాసభల పరంపర ఒప్పుకోవడానికి 2010 దాకా, వాంకూవర్ సభ దాకా పట్టింది. ఈలోగా 1960లో విలియం స్టోకీ, అమెరికన్ సైగభాషకు తనదైన నిర్మాణముందని నిరూపించాడు. బధిర తల్లిదండ్రుల చేతుల్లో పెరిగే బధిర శిశువులు, మిగతా పిల్లలు నోటితో 'బబబ' అన్నట్టే, చేతులతో ముద్దుపలుకులు పలుకుతారని 1991లో లారా ఆన్ పెటిటో, పౌలా మారెంటెట్ చూపించారు. భాషకు నోరే దారి కాదు. అయితే ఏ దారైనా పసితనంలోనే తెరుచుకోవాలి. తొలి ఏళ్ళలో ఏ భాషా పూర్తిగా అందని పిల్లలకు తర్వాత ఎంత చదువు చెప్పినా ఆ లోటు పూర్తిగా తీరదు.

నా క్షేత్ర పరిశోధనలో బధిర పిల్లల తల్లులు చాలామంది ఒకే మాట చెప్పారు. "చేతులు ఊపొద్దన్నారమ్మా, ఊపితే నోరు రాదంట." ఆ సలహా ఒకచోట వైద్యుడిది, ఒకచోట టీచరుది, ఒకచోట అత్తగారిది. పిల్ల చెయ్యి చాపి నీళ్ళడిగితే 'నీళ్ళు' అని పలికేదాకా ఇవ్వొద్దన్నారనీ, తను ఉండబట్టలేక ఇచ్చేసి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదనీ ఒక వ్యవసాయ కూలీ తల్లి చెప్పింది. బిడ్డ దాహం తీర్చడాన్ని తల్లి దాచుకోవాల్సిన విషయంగా మార్చిన ఈ నైపుణ్యాన్ని మనం ప్రశ్నించాలి.

నింద కూడా తల్లి మీదే. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనో, ఆమె జాతకం మంచిది కాదనో అంటారు. మనదగ్గర మేనరికాలెక్కువ. పుట్టుకతో వచ్చే చెవుడులో వంశపారంపర్యంగా వచ్చేది చాలావరకు, తల్లి నుంచొకటీ తండ్రి నుంచొకటీ జన్యువు అందితేనే బయటపడుతుంది. మేనమామకిచ్చి చేసే నిర్ణయం పెద్దలది, జన్యువు ఇద్దరిదీ, పుట్టింటికి పంపేది మాత్రం ఆమెను.

కాక్లియర్ ఇంప్లాంట్ వచ్చింది కదా, ఇక సైగలెందుకని అడిగేవారున్నారు. ఆరోగ్యశ్రీ కింద పేదపిల్లలకూ ఆ ఆపరేషన్ అందడాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆపరేషన్‌తో పని పూర్తికాదు. ఏళ్ళ తరబడి శిక్షణ కావాలి, బ్యాటరీలు మార్చాలి, పరికరం పాడైతే బాగు చేయించాలి. కూలి మానుకుని బిడ్డనెత్తుకుని బస్సెక్కేది తల్లే. పరికరం మూలనపడ్డ రోజున, సైగలు కూడా రానివ్వని పిల్లకు మిగిలే భాష ఏది? రెండూ నేర్పితే ఒకటి రెండోదాన్ని చంపదు. పుట్టినప్పటి నుంచి సైగభాషలో పెరిగి ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లలు మాటలోనూ వెనకబడలేదని అమెరికాలో 2014లో వెలువడిన ఒక చిన్న అధ్యయనం చెప్పింది.

హింసకు సంబంధించిన కోణం మనకు మరీ ముఖ్యం. మాట్లాడలేని సాక్షి సైగలతో చెప్పొచ్చని చట్టంలో ముందు నుంచే ఉంది; కోర్టు దుబాసీ సహాయం తీసుకుని దాన్ని వీడియో తీయాలని 2013 సవరణతో చేరింది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ నిబంధన ఉంది. కానీ దుబాసీ రావాలంటే ముందు ఆ అమ్మాయికి ఒక భాష ఉండాలి కదా! తల్లికి తప్ప మరెవరికీ అర్థంకాని నాలుగు ఇంటి సైగలతో పెరిగిన పిల్ల ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నవాటికి ఎలా జవాబు చెబుతుంది? 'మూగపిల్ల, ఎవరికి చెప్పుకుంటుంది' అన్న ధీమా నేరస్తుడికి ఇస్తున్నది ఆమె చెవుడు కాదు, ఆమెకు భాష ఇవ్వని మనమే. తన శరీర భాగాల పేర్లూ, 'వద్దు' అన్న మాటా మూడేళ్ళ పాపకు చేతులతో చెప్పడం రావడం భద్రతకు సంబంధించిన విషయం.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపమున్నవారు 50 లక్షలకు పైనే. 2016 వికలాంగుల హక్కుల చట్టం సైగభాషను గుర్తించింది, ఆ భాష తెలిసిన టీచర్లను నియమించాలంది. 2015లో భారతీయ సైగభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2021 నాటికి అది తెచ్చిన నిఘంటువు పదివేల పదాలకు చేరింది. కానీ ఆ చట్టమిచ్చే ఉచిత విద్య హక్కు ఆరేళ్ళ వయసు నుంచే మొదలవుతుంది. భాష వేళ్ళూనుకునే ఆరేళ్ళూ ఇంటికి, అంటే తల్లికి వదిలేశారు.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. పుట్టిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష జరగాలి. లోపం తేలిన రోజునే పరికరం గురించి చెప్పినట్టు సైగభాష గురించీ చెప్పాలి. అంగన్‌వాడీల్లో ఆ భాష నేర్పాలి; తండ్రులూ నాయనమ్మలూ అన్నదమ్ములూ వచ్చి నేర్చుకోవాలి. నేర్పే పనికి ఆ భాషలో జీవిస్తున్న బధిర స్త్రీలనే నియమించాలి, 'గౌరవవేతనం' పేరుతో కాకుండా జీతమిచ్చి. ఇప్పటికే అరకొర వేతనంతో నలుగుతున్న అంగన్‌వాడీ కార్యకర్త నెత్తిన దీన్ని మరో పనిగా పడేస్తే మనం ఒప్పుకోకూడదు.

మన సంఘాలూ తమను తాము చూసుకోవాలి. మన సభల్లో దుబాసీలెంతమంది? మన సహాయ కేంద్రానికి ఒక బధిర స్త్రీ వస్తే ఆమెతో మాట్లాడగలిగేవాళ్ళు ఎంతమంది? స్త్రీల గొంతు వినబడాలని ఇన్నేళ్ళుగా అంటున్నాం. కొందరు స్త్రీల గొంతు చేతుల్లో ఉంటుంది. దాన్ని చూడడం నేర్చుకోవడం ఇక మన వంతు.