పండుగ సందడిలో పసిబిడ్డ

సంక్రాంతి సమీపించగానే తెలుగువారి ఇండ్లు అరిసెల పాకంతో, బంధువుల రాకతో కళకళలాడుతాయి. హైదరాబాదు నుండి కోస్తా జిల్లాలకు వెళ్ళే రైళ్ళు, బస్సులు క్రిక్కిరిసిపోతాయి. అందరికీ ఆనందాన్నిచ్చే ఈ రోజులలోనే ఇంటిలోని పసిబిడ్డ మాత్రం ఊరకుండక ఏడుస్తూ ఉండుట నేను అనేక ఇండ్లలో చూచినాను. “దిష్టి తగిలింది” అని ఒకరు, “వస అరగదీసి నాకించండి” అని ఇంకొకరు, “పాలు చాలడం లేదు, డబ్బాపాలు పట్టండి” అని మరొకరు సలహా చెబుతారు. ఈ సలహాలలో ఏదీ మొదట చేయదగినది కాదని నా అభిప్రాయం. పండుగనాటి ఏడుపునకు చాలాసార్లు కారణం బిడ్డ దినచర్య చెదరిపోవుటయే. దానిని కాపాడవలసిన తల్లి ఆ సమయంలో పొయ్యి ముందర ఉంటుంది. అందుచేత ఈ మూడు రోజులూ ఆమెకు వంటింటి చాకిరి తప్పించుటయే బిడ్డకు ప్రథమ చికిత్స.

ఆయుర్వేదపు ఎనిమిది అంగములలో శిశువులకు సంబంధించినది కౌమారభృత్యము. ఆ శాఖకు ముఖ్య గ్రంథమైన కాశ్యప సంహితలో, మాటలు రాని బిడ్డ తన బాధను ఏ చేష్టల ద్వారా తెలుపుతుందో వివరించుటకు ఒక అధ్యాయమే ఉన్నది. తలను అటూ ఇటూ త్రిప్పుట తలనొప్పికి, చెవులను చేతులతో తాకుట చెవిపోటుకు గుర్తులని అందులో కలదు. మందు కంటె ముందు పరిశీలన అవసరమని దీని భావం. గంటకొకరి చేతికి మారే బిడ్డను ఎవరు పరిశీలించగలరు?

మూడు నెలల బిడ్డ స్థితిని ఆలోచించండి. రాత్రంతా బస్సు ప్రయాణం, కొత్త ఇల్లు, వీధిలో మైకు మ్రోత, ఎత్తుకొనే పదిమంది. ఆ వయసులో హఠాత్తుగా చప్పుడైతే చేతులు చాచి ఉలిక్కిపడుట సహజ లక్షణం. ఆకలి వేసిన బిడ్డ మొదట నోరు తెరచి వెదకుతుంది, పిడికిలి చీకుతుంది. ఏడుపు చివరి గుర్తు. ప్రక్కన తల్లి ఉంటే మొదటి గుర్తుకే పాలిస్తుంది. ఆమె నలభైమందికి వడ్డిస్తూ ఉంటే బిడ్డ గ్రుక్కపట్టే దాకా ఎవరికీ తెలియదు. అంతగా ఏడ్చిన బిడ్డ పాలు సరిగా పట్టదు, గాలి మ్రింగి కడుపుబ్బరంతో మళ్ళీ ఏడుస్తుంది.

కనుక ఇంటిలో ఒక నిశ్శబ్దమైన గదిని తల్లీబిడ్డలకు విడిచిపెట్టవలెను. రోజూ నిద్రపోయే వేళకే బిడ్డను వెల్లకిల పడుకోబెట్టవలెను. చలి అని బరువైన రజాయిలు కప్పి పెద్దల మధ్య ఇరికించుట ప్రమాదకరం. భోగి తలంటును తెల్లవారుజామున కాక ఎండ వచ్చిన తరువాత చేయండి. గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా మర్దన చేస్తే చాలు. ముక్కులో, చెవులలో నూనె పోయరాదు. సాంబ్రాణి పొగను బిడ్డకు పట్టరాదు, భోగి మంట దగ్గరకు తీసుకొనిపోరాదు. భోగిపండ్ల వేడుకను మానుకొమ్మని నేను చెప్పను. కాని రేగిపండ్లు, సెనగలు, చిల్లర నాణెములు బిడ్డ గొంతులో చిక్కుకొనగలవు. పసివారి తలపై పూరేకులు మాత్రమే పోసి హారతి ఇస్తే వేడుకకు లోటు ఉండదు. బంధువులు చేతులు కడుగుకొన్న తరువాతనే ఎత్తుకోవలెను. జలుబు, దగ్గు ఉన్నవారు దూరము నుండి దీవించుట మంచిది.

ఇక ఏడుపు మాన్పుటకని నోటిలో పెట్టే వస్తువుల సంగతి. ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కరలేదు. తేనె నాకించుట మన సంప్రదాయములో ఉన్నమాట నిజమే. అయితే తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి శిశువు ప్రేగులలో విషాన్ని పుట్టించి కండరాలను చచ్చుబడజేయగలదని నేడు తెలిసినది. కావున ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదు. వస, ఆముదము వంటివి వైద్యుడు చెప్పక ఇవ్వదగినవి కావు. ప్రయాణంలో నిద్రపోతుందని దగ్గు మందు పట్టుట మరీ అపాయం.

దినచర్య సరిగా ఉన్నా ఏడుపు ఆగకపోతే, పాలు త్రాగకపోతే, ఊపిరి వేగంగా తీస్తూ ఉంటే, ఆకుపచ్చని వాంతి అయితే పండుగ అని ఆలస్యం చేయక వైద్యుని వద్దకు వెళ్ళవలెను. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీటుకు చేరితే, మరే లక్షణమూ లేకపోయినా వెంటనే చూపించవలెను.

“మా కాలంలో పొయ్యి దగ్గర కూర్చునే నలుగురిని పెంచాము” అని పెద్ద ముత్తైదువలు అంటారు. వారి కష్టాన్ని నేను కాదనను. కాని ఆనాటి ఉమ్మడి ఇండ్లలో పని పంచుకొనుటకు తోడికోడళ్ళు, ఆడపడుచులు ఉండేవారు. బాలింతను పుట్టింట ఉంచి, పథ్యం పెట్టి, నడుము వాల్చనిచ్చిన ఆచారం కూడ ఆ పెద్దలదే. నేను కోరేది ఆ ఆచారాన్ని పండుగ మూడు రోజులకూ వర్తింపజేయమని మాత్రమే.

అత్తగారూ, ఈ సంక్రాంతికి అరిసెలు రెండు వాయలు తగ్గించండి, లేదా అంగడిలో కొనండి. మామగారూ, అల్లుళ్ళూ, వడ్డనకు మీరు లేవండి. కోడలిని బిడ్డ ప్రక్కన ప్రశాంతంగా కూర్చోనివ్వండి. ఏ చిట్కా వైద్యమూ దీనికి సాటి రాదని నా నమ్మకం.