మెట్రో పక్కన గది ఎవరి కాళ్లకు?

వైద్యం కోసం జిల్లాల నుండి హైదరాబాదుకు బయలుదేరే కుటుంబానికి అందరూ ఇచ్చే సలహా ఒకటే: మెట్రో స్టేషను పక్కన గది తీసుకోండి అని. సలహా మంచిదే. అయితే గది చూసి వచ్చేది ఆరోగ్యవంతుడైన కొడుకు, ప్రతిరోజూ స్టేషనుకు నడవవలసినది ఆయాసపడే తండ్రి. లాడ్జీ వారు చెప్పే అయిదు నిమిషాల నడక కొడుకు నడకే.

మన మెట్రో ప్లాట్‌ఫారాలు రోడ్డుకు చాలా ఎత్తున ఉంటాయి. లిఫ్టులు ఉన్నాయి గాని, లాడ్జీ ఉన్న వైపే లిఫ్టు దిగుతుందా లేక రోగిని రోడ్డు దాటించాలా అన్నది ముందుగా చూసుకునేవారు అరుదు. గుండె బలహీనత గలవారికి మెట్లు ఎక్కడం గండం. మోకాళ్లు అరిగినవారికి తరచు దిగడమే ఎక్కువ బాధ.

అందువల్ల కిలోమీటర్ల కన్నా రైలు మారవలసిన అవసరం లేకపోవడమే ముఖ్యమని నా అభిప్రాయం. గాంధీ ఆసుపత్రిలో చూపించుకోవలసినవారు హాస్టళ్లు, లాడ్జీలు ఎక్కువని అమీర్‌పేటలో దిగుతారు. అక్కడి నుండి నీలి మార్గంలో పరేడ్ గ్రౌండ్ వరకు వెళ్లి, మళ్లీ ఆకుపచ్చ మార్గానికి మారాలి. అదే చిక్కడపల్లిలోనో ముషీరాబాదులోనో ఉంటే ఒకే రైలు, పేరుకు తగినట్లు గాంధీ ఆసుపత్రి స్టేషనులోనే దింపుతుంది. నిమ్స్‌కు వెళ్లేవారికి మాత్రం అమీర్‌పేట అనుకూలమే. ఎరుపు మార్గంలో పంజాగుట్ట, ఆ తరువాత ఎర్రమంజిల్, అంతే.

అయితే ఈ లెక్క వర్తించని రోగులు ఒకరున్నారు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో కీమోథెరపీ పొందుతున్నవారు. చాలా మందులతో, మందు ఎక్కించిన 7వ రోజు నుండి 14వ రోజు వరకు తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు కిక్కిరిసిన పెట్టెలో ప్రయాణం తగదు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే అది అత్యవసర పరిస్థితి; పారాసిటమాల్ మింగి తెల్లవారనిద్దామని ఊరుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. ఆ జ్వరం అర్ధరాత్రి వస్తే మెట్రో నడవదు. ఆ రోజులకు స్టేషను సంగతి పక్కనపెట్టి, ఆటోలో కొద్ది నిమిషాలలో ఆసుపత్రి చేరగలిగే గదినే చూడాలి, అద్దె కొంత ఎక్కువైనా సరే. రాత్రివేళ గేటు ఎవరు తీస్తారో కూడా లాడ్జీ వారిని ముందే అడిగి ఉంచుకోండి.