కాన్సరు మందు స్టాకు లేదంటే?

"మా అమ్మకి అండాశయంలో కాన్సరు. మూడు కోర్సులయ్యాయి. నాలుగోసారి వెళితే కార్బోప్లాటిన్ లేదు, ఆగి రమ్మన్నారు. ఆగితే ప్రమాదమా? బయట కొనవచ్చా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

ఈ మందులు సాధారణంగా మూడు వారాలకొకసారి ఇస్తారు. మందు కాన్సరు కణాలతో బాటు, ఎముకల మూలుగలో రక్తం తయారుచేసే కణాలనూ దెబ్బ తీస్తుంది. అవి కోలుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. రక్తకణాలు తగ్గితే మేమే ఒక వారం వాయిదా వేస్తాం. దానికి భయపడక్కర్లేదు. కాని వారాల తరబడి ఆగితే కాన్సరు కణాలు కూడా తేరుకుని పెరుగుతాయి.

ఈ కొరత మనకే కాదు. 2023లో అమెరికాలోనే సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్ దొరకలేదు. అక్కడ వాడే సిస్‌ప్లాటిన్‌లో సుమారు సగం తయారుచేసే గుజరాత్ కర్మాగారంలో 2022 చివర నాణ్యతా లోపాలు బయటపడి, తయారీ ఆగిపోయింది. పాత మందులు చవక. లాభం తక్కువ గనుక తయారుచేసేవారూ తక్కువే. ఒకరు ఆపితే లోటు పూడ్చేవారుండరు.

బదులు మందు ఇవ్వవచ్చా? ఒక్కొక్కప్పుడు ఇవ్వవచ్చు. అండాశయ కాన్సరులో కార్బోప్లాటిన్ బదులు సిస్‌ప్లాటిన్ బాగానే పనిచేస్తుంది. అయితే వాంతులెక్కువ, మూత్రపిండాలకు శ్రమ, సెలైను ఎక్కించాలి. అన్ని బదులు మందులూ సమానం కావు. హాడ్జ్‌కిన్స్ జబ్బున్న పిల్లలకు ఒక మందు దొరక్క మరొకటి ఇస్తే, రెండేళ్ళపాటు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు నూటికి 88 నుంచి 75కి తగ్గారని 2012లో అమెరికా వైద్యులు ప్రకటించారు. కాబట్టి మార్పు నిర్ణయించవలసింది డాక్టరే.

మీరు చేయవలసినవి ఇవి:

తర్వాతి కోర్సుకు వారం ముందే మందు ఉన్నదీ లేనిదీ కనుక్కోండి. ప్రభుత్వాసుపత్రిలో ఇండెంటు పెట్టిన మందు రావడానికి రోజులు పడుతుంది.

లేదంటే ఊరుకుని ఇంటికి వెళ్ళవద్దు. ఎన్ని రోజులు ఆగవచ్చో, బదులు మందు ఉందో, వేరే ఆసుపత్రికి చీటీ రాసిస్తారో డాక్టరునే అడగండి.

మందు అసలు పేరు రాయించుకోండి. ఒకే మందు పలు కంపెనీల పేర్లతో వస్తుంది. ఒక పేరు దొరక్కపోతే మరొకటి దొరకవచ్చు.

ఆరోగ్య పథకం కింద చేరినవారు, డబ్బు పెట్టేముందు ఆసుపత్రిలోని పథకం ఉద్యోగిని అడగండి.

బయట కొనవలసివస్తే లైసెన్సున్న షాపులో, బిల్లుతోనే కొనండి. సీలు, బాచ్ నంబరు, గడువు తేదీ నర్సుకు చూపించండి. ఖాళీ సీసాల్లో వేరే మందు నింపి ఖరీదైన కాన్సరు మందులుగా అమ్ముతున్న ముఠాను 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నారు. చవకగా తెచ్చిస్తామనే మధ్యవర్తులను నమ్మకండి.

ఈ లోగా నాటుమందులు మొదలుపెట్టవద్దు. జ్వరం వస్తే ఆ రోజే చూపించండి. మందు వచ్చేదాకా ఆసుపత్రికి రావడం మాత్రం మానవద్దు.