1.4 అంటే పాజిటివేనా?

నంబర్లతో బతికే మనవాళ్ళు కూడా ల్యాబు రిపోర్టులో "పాజిటివ్" అన్న మాట కనపడగానే దాని పక్కనున్న అంకె చదవడం మానేస్తారు. హెర్పిస్ రక్తపరీక్ష విషయంలో ఇది మరీ ఎక్కువ. ఇంట్లో చెప్పుకోలేరు, ఫ్రెండ్స్ కి చెప్పుకోలేరు. పెళ్ళి సంబంధాలు చూస్తున్న టైములో వస్తే ఇక అంతే, అర్ధరాత్రి గూగుల్ ముందు కూర్చుని జీవితం అయిపోయిందనుకోవడమే.

అసలు ఈ ఐజీజీ టెస్టు వైరస్ ని వెతకదు. వైరస్ మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఉన్నాయా అని చూస్తుంది. రక్తంలో వచ్చిన సిగ్నల్ ని ఒక కటాఫ్ తో భాగిస్తే వచ్చేదే ఇండెక్స్ వాల్యూ. బాగా వాడకంలో ఉన్న హెర్పిసెలెక్ట్ అనే కిట్ లో 0.9 లోపు నెగెటివ్, 1.1 దాటితే పాజిటివ్, మధ్యలోది ఎటూ తేలనిది. అంటే 1.4 వచ్చినా పాజిటివే, 9 వచ్చినా పాజిటివే. ఫ్లోట్ ని తీసుకెళ్ళి బూలియన్ లో పడేశారన్నమాట! అమెరికా సీడీసీ 2021 మార్గదర్శకాలైతే టైప్-2 కి 3.0 లోపు వచ్చిన పాజిటివ్ ని వేరే పద్ధతి టెస్టుతో రూఢి చేసుకోకుండా నమ్మొద్దని చెప్తున్నాయి. 2023లో ఎఫ్‌డీఏ కూడా ఈ తప్పుడు పాజిటివ్ ల గురించి హెచ్చరించింది.

ఎందుకింత గోల అంటే, లెక్క చూడండి. అమెరికాలో ఏ స్క్రీనింగులు చెయ్యాలో సలహా ఇచ్చే ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2016లో వేసిన లెక్క ఇది. లక్షమందిలో 16 శాతానికి టైప్-2 నిజంగా ఉందనుకుందాం. టెస్టు ఉన్నవాళ్ళలో 99 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్ళలో 81 శాతానికి సరిగ్గా లేదని చెప్తుంది. అప్పుడు నిజమైన పాజిటివ్ లు 15,840. తప్పుడువి 15,960! రూపాయి బిళ్ళ ఎగరేసినట్టే. అదే 5 శాతం మందికే ఉన్న గుంపు మీద ఇదే లెక్క నేను వేస్తే నిజమైనవి 4,950, తప్పుడువి 18,050 వచ్చాయి. రిస్కు తక్కువున్నవాళ్ళకి టెస్టు చేసేకొద్దీ అబద్ధాలే ఎక్కువ. అందుకే లక్షణాలు లేనివాళ్ళకి ఈ రక్తపరీక్ష స్క్రీనింగు వద్దని వాళ్ళు 2016లో అన్నారు, 2023లో మళ్ళీ అదే అన్నారు.

మన దగ్గర ఇంకో తంటా ఉంది, ఐజీఎమ్. గర్భిణులకి రాసే టార్చ్ ప్యానెల్ లో హెర్పిస్ ఐజీఎమ్ కూడా ఉంటుంది. ఇది టైప్-1, టైప్-2 తేడా సరిగ్గా చెప్పలేదు, కొత్తగా వచ్చిందో పాతదో కూడా చెప్పలేదు. సీడీసీ దీన్ని వాడొద్దనే అంటుంది. పెదవి మీద పొక్కులొచ్చే టైప్-1 అయితే ప్రపంచంలో సగం మందికి పైగా ఉన్నదే, చాలామందికి చిన్నప్పుడే అంటుకుంటుంది. అలాంటిదాని కోసం ఒక కాగితం చూసి మొగుడూ పెళ్ళాలు ఒకర్నొకరు అనుమానించుకోవడం ఎంత అన్యాయం చెప్పండి. ఇలాంటి టెస్టుని ఆఫర్ ప్యాకేజీలో కలిపి అమ్మే ల్యాబులు కనీసం ఇండెక్స్ అంటే ఏంటో రిపోర్టు కింద నాలుగు లైన్లు రాయాలి. రాయలేకపోతే అమ్మకూడదని నా అభిప్రాయం.

అలాగని 1.4 వస్తే రిపోర్టు చింపి పారెయ్యమనడం లేదు. కొత్తగా అంటుకున్నప్పుడు యాంటీబాడీలు పెరగడానికి వారాలు పడుతుంది కాబట్టి నిజమైన పాజిటివ్ కూడా మొదట్లో తక్కువ అంకెతోనే కనపడొచ్చు. రిస్కు ఈమధ్యదే అయితే 12 వారాలు దాటాక మళ్ళీ చేయించుకోవాలి. అదీ వేరే పద్ధతిలో. ఫెయిలైన టెస్టునే మార్చకుండా మళ్ళీ రన్ చేస్తే ఏం తెలుస్తుంది? ఇన్నేళ్ళూ అందరూ ప్రామాణికంగా చూసింది యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్ళ వెస్టర్న్ బ్లాట్. అది మనకి అందేది కాదు కాబట్టి, ఏ కిట్ వాడారో, దాని కటాఫ్ ఎంతో ల్యాబు వాళ్ళని అడిగి (కిట్ మారితే అంకెలూ మారతాయి) రెండోసారి ఇంకో రకం కిట్ ఉన్న చోటుకి వెళ్ళడం నయం. పుండు గానీ పొక్కు గానీ ఉంటే మాత్రం రక్తం సంగతి తర్వాత, అది ఆరకముందే స్వాబ్ తీయించి పీసీఆర్ చేయించాలి.

ఆ కాగితం పట్టుకుని వెళ్ళాల్సింది స్కిన్ డాక్టరు దగ్గరికి. మన దగ్గర సుఖవ్యాధులు చూసేదీ వాళ్ళే. బోర్డు మీద చర్మవ్యాధులనే ఉంటుంది కాబట్టి వెయిటింగ్ హాల్లో తెలిసినవాళ్ళు తగిలినా జుట్టు ఊడిపోతోందని చెప్పుకోవచ్చు, మన ఫీల్డులో ఎవరైనా నమ్ముతారు :)