పందిరి వేసే ముందు

క్రిస్మస్ దగ్గర పడుతున్నదంటే కోర్పనా వైపు మన క్రైస్తవ కుటుంబాలలో రెండు మాటలు వినబడుతూ ఉంటాయి. మందిరాన్ని ఈసారి దేనితో అలంకరించాలి? కుటుంబాలన్నీ కలిసి ధ్యానకూటానికి ఎక్కడికి పోవాలి? రెండింటికీ చందా లెక్కలు వేస్తారు. ఎందుకు చేస్తున్నామన్న ఆలోచన మాత్రం వెనుకబడిపోతుంది.

లేవీయకాండము 23వ అధ్యాయంలో పర్ణశాలల పండుగ సంగతి ఉన్నది. పంట ఇంటికి చేరిన తరువాత ఇశ్రాయేలీయులు ఖర్జూరపు మట్టలు, గుబురు కొమ్మలు తెచ్చి, పర్ణశాలలలో ఏడు దినాలు కాపురం ఉండాలట. అలంకారమూ అదే, విడిదీ అదే. ఐగుప్తు విడిచి వచ్చిన పెద్దలు ఎట్లా కాలం గడిపారో రాబోయే తరాలకు తెలియాలని ఆ ఏర్పాటు. మిద్దె యింట పుట్టిన పిల్లవాడు ఒక రాత్రి ఆకుల కప్పు కింద పడుకుంటే, తాతల బ్రతుకు వానికి కొంతైనా బోధపడుతుంది గదా!

మనకూ అటువంటి కథ ఒకటి ఉన్నది. ఈ రాజురా ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 1959లో చాందా జిల్లాలో చేరింది. కొందరి పెద్దలు ఊరు కదలకుండానే వేరొక రాష్ట్రం వారయ్యారు. మరికొందరు పత్తిచేలకో, బొగ్గుగనులకో, ఆ తరువాత సిమెంటు కర్మాగారాలకో పని వెదుక్కుంటూ వచ్చారు. పిల్లలు బడిలో మరాఠీ చదువుతున్నారు, మంచిదే. కాని ఈ కథ ఇంటి పెద్దలు చెప్పకపోతే వారికి మరెవరు చెబుతారు? ధ్యానకూటంలో ఒక సాయంకాలం దీనికి కేటాయించాలి. ఏ ఇంటివారు ఎట్లా వచ్చారో, ఆపదలో ఎవరు ఆదుకున్నారో పేరు పేరునా చెప్పుకోవాలి. కృతజ్ఞత అంటే అదే.

ఇక అలంకారం. దోర్నకల్ దేవాలయాన్ని చూచినవారికి తెలుసు. అజరయ్య బిషప్పుగారి కాలంలో కట్టి, 1939లో ప్రతిష్ఠించిన ఆ మందిరంలో మన దేశపు గుడి స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ కలిసి కనబడతాయి. దేవుని ఇంటికి మన నేల సొగసే చాలునని ఆ కట్టడం చెబుతుంది. మనకు మాత్రం ఏమి తక్కువ? మామిడాకుల తోరణం, బంతిపూలు, కంది కొమ్మలు, పగిలిన పత్తికాయలు ఉన్నాయి. మంచుకు బదులు దూది చల్లుతామే, ఆ దూది ఈ చేలదే! థర్మాకోల్ అలంకరణను మహారాష్ట్ర ప్రభుత్వం 2018లో నిషేధించింది. నిషేధం మాట అటుంచినా, ఒకరోజు ముచ్చటకు కొని, మర్నాడు తగులబెట్టే వస్తువును కానుక అనగలమా?

ఒక్క సంగతి మరువరాదు. ఇది పత్తి ఏరే కాలం. పనిదినాన కూటం పెడితే కూలికి పోయే కుటుంబం రాలేదు; వస్తే ఆనాటి కూలి పోతుంది. నెలజీతం వాళ్ళకు సెలవుదినం, వారికి పస్తుదినం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదకు దేవాలయాన్ని కరువునాడు ఆకలిగొన్నవారికి పని, తిండి దొరకాలనే తలంపుతో పోస్నెట్ దొరగారు కట్టించారు. అటువంటి మందిరాల వారసులం, బీదవాని కూలి పోగొట్టి స్తోత్రం చెల్లించవచ్చునా? శనివారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారం ముగిస్తే సరిపోతుంది. పొలం గట్టున పందిరి వేసుకుంటే బాడుగ బస్సు ఖర్చు కూడా మిగులుతుంది.

వంట మాట కూడా చెప్పాలి. కూటం పేరుతో ఆడవాళ్ళు పొయ్యి దగ్గరే ఉండిపోతే వారికి ధ్యానం ఏదీ? ఒక పూట పప్పూ అన్నం మగవాళ్ళు వండిపెట్టినందువల్ల ఎవరి గౌరవమూ తగ్గదు.

సంఘ పెద్దలు తారీఖు పెట్టే ముందు కూలికి పోయే ఇళ్ళవారిని అడగవలసిందిగా మనవి. వారికి వీలైన రోజే మనందరికీ వీలైన రోజు కావాలి.