ఆదరణ కూడిక అయ్యాక కూడా ఆ ఇంటికి వెళ్దాం



ఒక ఇంట్లో మరణం జరిగితే మన సంఘాలు చేసేది తక్కువేమీ కాదు. కబురు తెలియగానే పదిమందీ చేరతారు. రాత్రంతా ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడతాం. సమాధి దాకా వెంట నడుస్తాం. కొద్దిరోజులకు షామియానా వేసి ఆదరణ కూడిక పెడతాం, వాక్యం చెబుతాం, భోజనాలు పెడతాం. మర్నాడు షామియానా విప్పేస్తారు, అద్దె కుర్చీలు ఆటో ఎక్కుతాయి, దూరపు బంధువులు బస్సెక్కుతారు. మన పని అయిపోయిందనుకుంటాం. ఆ ఇంట్లో మిగిలినవాళ్లకు అసలు దుఃఖం అప్పుడే మొదలవుతుంది. ఆ తర్వాతి రోజుల గురించే ఈ విజ్ఞప్తి.

పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండవ పత్రిక మొదటి వచనాలు ఆదరణ కూడికల్లో తరచూ వింటాం. దేవుడు మన శ్రమల్లో మనల్ని ఆదరిస్తాడనీ, ఆ ఆదరణతోనే శ్రమలో ఉన్న ఇతరులను మనం ఆదరించగలుగుతామనీ అక్కడ ఉంది. సాధారణంగా అక్కడే ఆగిపోతాం. ఇంకాస్త ముందుకు చదివితే పౌలు తన సొంత గోడు చెప్పుకున్న చోట్లు కనబడతాయి. ఆసియలో వచ్చిన శ్రమకు ఇక బ్రతుకుతామన్న ఆశ కూడా వదులుకున్నానని రాశాడు. త్రోయలో సువార్త చెప్పడానికి మంచి అవకాశం దొరికింది. అయినా తీతు కనబడలేదని మనసుకు నెమ్మది లేక ఆ ఊరు విడిచి వెళ్లిపోయాడు. మాసిదోనియ చేరాక కూడా విశ్రాంతి లేదు. బయట పోరాటాలు, లోపల భయాలు. అంత పెద్ద అపొస్తలుణ్ణి దేవుడు ఆ సమయంలో ఎలా ఆదరించాడో చూడండి. తీతు వచ్చాడు. కొరింథునుంచి మంచి కబురు తెచ్చాడు. తీతు రావడంవల్లే దేవుడు మమ్మల్ని ఆదరించాడని పౌలు స్పష్టంగా రాశాడు. ఎక్కడినుంచో ప్రయాణం చేసి వచ్చిన ఒక స్నేహితుడి రాకను ఆయన దేవుని పని అన్నాడు. మన సంఘాల్లో ప్రతి దుఃఖపు ఇంటికీ ఒక తీతు కావాలి. ఆ తీతు పాస్టరుగారే కానవసరం లేదు.

మనం తీసుకెళ్లే ఆదరణ ఏమిటో కూడా తెలిసి వెళ్లాలి. థెస్సలొనీక సంఘంలో కొందరు చనిపోయినప్పుడు పౌలు వాళ్లను ఏడవొద్దని అనలేదు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు. క్రీస్తు లేచాడు గనుక ఆయనలో నిద్రించినవారూ లేస్తారని చెప్పి, ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోమన్నాడు. కాసేపట్లో లాజరును లేపబోతున్న ప్రభువు కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడు. అందుకే భర్త పోయిన ఏడాదికి కూడా గుళ్లో పాట అందుకోగానే గొంతు పూడుకుపోయే చెల్లెలికి విశ్వాసం తక్కువని ఎవరూ అనకూడదు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించే మనకు ఈ సంగతి తెలుసు. అక్కడ కళ్లు తుడుచుకుంటూనే కదా పాడతాం.

యోబు స్నేహితుల్ని మనం ఎప్పుడూ తిడతాం గానీ, వాళ్లు మొదట చేసిన పని గొప్పది. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోపాటు నేలమీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిచాకే చెడిపోయింది. మన నోటినుంచి కూడా కొన్ని మాటలు అలవాటుగా జారిపోతుంటాయి: దేవుడు తనకిష్టమైన పువ్వును కోసుకున్నాడట, ఇంకా గట్టిగా ప్రార్థించి ఉంటే బ్రతికేవాడట, ఇంట్లో ఏదో లోపం ఉండబట్టే ఇలా జరిగిందట. దయచేసి ఇవి మానేద్దాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి దేవుణ్ణి పువ్వులు కోసేవాడిగా చూపించే హక్కు మనకు ఎవరిచ్చారు? ఏం మాట్లాడాలో తెలియకపోతే పోయిన మనిషి పేరు చెప్పండి, ఆయన చేసిన మంచి పని ఒకటి గుర్తుచేయండి. పేరు వినబడడమే కరువైపోతుంది ఆ ఇంట్లో.

పాస్టర్లకు ప్రత్యేకంగా ఒక మాట. మన ఆరాధనల్లో సాక్ష్యాలు చెప్పేది ఎక్కువగా జబ్బు నయమైనవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, వీసా దొరికినవాళ్లు. వాళ్ల కృతజ్ఞత నిజమైనదే. కానీ అదే ఉపవాస ప్రార్థనల్లో, అదే మోకాళ్లమీద అడిగి, అడిగింది దొరకని కుటుంబం వెనక వరుసలో కూర్చుని ఉంటుంది. వాళ్లకు మైకు ఎందుకు ఇవ్వం? కాన్సర్‌తో భర్త పోయినా ప్రభువును విడిచిపెట్టని స్త్రీ దగ్గర మన సంఘమంతటికీ అవసరమైన సాక్ష్యం ఉంది. ఆమెకు చెప్పాలని ఉంటే, చెప్పగలిగిన రోజున ఆమెను పిలవండి. నయం కాని రోగంలో కూడా దేవుడు తోడున్నాడని విన్న పిల్లలు, రేపు తమ ఇంట్లో ఇలాంటి రోజు వస్తే తట్టుకుంటారు.

కొన్ని మరణాలకు మనం ఆదరణ కూడికే పెట్టం. కడుపులోనే పోయిన బిడ్డకు ఫొటో ఉండదు, సమాధి కూడా చాలాసార్లు ఉండదు. ఆత్మహత్య జరిగిన ఇంటికి వెళ్లడానికి కాళ్లాడవు. వెళ్లినా ఎందుకు జరిగిందని గుచ్చిగుచ్చి అడుగుతాం. ఈ రెండు రకాల ఇళ్లకూ ముందుగా వెళ్లండి, ప్రశ్నలు లేకుండా వెళ్లండి.

డిసెంబరు సంగతి. ఆ ఏడాది మనిషి పోయిన చాలా ఇళ్లలో క్రిస్మస్ నక్షత్రం కట్టరు, పిండివంటలు చేయరు. యవ్వనస్థులు కేరల్స్‌కు బయలుదేరినప్పుడు ఆ ఇంటిని మర్యాదకొద్దీ దాటేస్తారు. వీధి చివర డప్పు వినబడి, తమ గుమ్మం దాటి పోవడం లోపలున్నవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. ముందురోజు ఒకరు వెళ్లి అడగండి: మేం రావచ్చా అని. వద్దంటే వద్దు. రమ్మంటే డప్పు, గిటారు బయట ఉంచి, నిదానంగా ఒక్క పాట పాడి, ప్రార్థన చేసి రండి. కానుక డబ్బా చాపకండి. ముప్పై ఒకటో తేదీ రాత్రి కొత్త సంవత్సరపు ఆరాధనకు కూడా వాళ్లను ఒంటరిగా రానీయకండి. ఏదో ఒక కుటుంబం వాళ్లను తోడు తీసుకురావాలి. పెళ్లిరోజు, పుట్టినరోజు, పోయిన తేదీ ఇవన్నీ సంఘంలో ఎవరో ఒకరు పుస్తకంలో రాసి పెట్టుకుంటే మంచిది. స్త్రీల సమాజాలు ఈ పనికి ముందుకొస్తే ఇంతకంటే బాగా ఎవరూ చేయలేరు.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాళ్లు ఆమె కుట్టిన బట్టలు పట్టుకొచ్చి పేతురుకు చూపించారు. ఆదరణకు అలా చేతికి తగిలే రూపం కూడా ఉండాలి. మరణ ధ్రువీకరణ పత్రం కోసం, వితంతు పింఛను కోసం, బ్యాంకులో నామినీ కాగితాల కోసం భర్తను పోగొట్టుకున్న అమ్మ ఒక్కతే ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. చదువుకున్న యవ్వనస్థుడు ఒకడు బండి మీద తీసుకెళ్లి, ఫారం నింపి, పని అయ్యేదాకా కూర్చుంటే చాలు.

ఈ ఆదరణ మన గుడి గోడల లోపలే ఉండిపోకూడదు. పక్కింటి హిందువు ఇంట్లో, ముస్లిం ఇంట్లో చావు జరిగినా వెళ్లాలి. అయితే దుఃఖంలో ఉన్నవాళ్ల బలహీనతను మతం చెప్పుకోవడానికి వాడుకోకూడదు. ఈ విషయంలో మన ఒంగోలు చరిత్రలోనే మాదిరి ఉంది. 1876–78 నాటి మహా కరువులో బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించారు. బోధకులు ఆ పనివాళ్ల మధ్యే ఉండి, వాళ్లతో కూర్చుని, ఓదార్చారు. కానీ కూలి కోసం, తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని, ఆ సహాయం సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. సహాయం ముగిశాక, ఆశించడానికి ఏమీ మిగలని రోజుల్లో, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లకు గుర్తున్నది కాలువ దగ్గర తమ పక్కన కూర్చున్న మనుషులు. ఎవరైనా మిమ్మల్ని ఈ నెమ్మది ఎక్కడిదని అడిగితే దాచకండి, యేసు పేరు చెప్పండి. అడగకముందు అన్నం క్యారియర్ పట్టుకెళ్లండి.

కువైట్‌లో, దుబాయ్‌లో, అమెరికాలో ఉండి తల్లిదండ్రుల ఆఖరి చూపు దక్కనివాళ్లు మన సంఘాలన్నిటిలో ఉన్నారు. సమాధి కార్యక్రమాన్ని ఫోన్‌లో చూసి, మర్నాడు డ్యూటీకి వెళ్లినవాళ్లు. వాళ్లకు కూడా ఫోన్ చేయండి, వారానికొకసారైనా.

చివరగా, దుఃఖంలో ఉండి ఇది చదువుతున్న అక్కా, అన్నా, మీకు. గుడికి వస్తే ఏడుపొస్తుందని మానేసి ఉంటే, రండి. వెనక కూర్చోండి, పాడబుద్ధి కాకపోతే పాడకండి, ఆశీర్వాదానికి ముందే లేచి వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లండి. దేవుని మీద కోపంగా ఉంటే ఆ కోపం ఆయనకే చెప్పండి. యోబు చెప్పాడు, కీర్తనకారులు చెప్పారు, ఆయన విన్నాడు. రావడానికి ఇంకా మనసు ఒప్పకపోతే ఎవరితోనైనా కబురు పంపండి, మేమే వస్తాం.